అప్పుతో అంటగట్టిన బీమా – అడిగి తీసుకోవడం మన హక్కు

అప్పు తీసుకునే మనిషికి అవసరం తొందర. ఇచ్చే సంస్థకు సంతకాల తొందర. ఈ రెండు తొందరల నడుమ మన ఇళ్ల నుంచి ఏళ్ల తరబడి కొంత సొమ్ము చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతోంది. లోన్ కార్డు మీద యాభై వేలని ఉంటుంది. చేతికి నలభై ఏడో, నలభై ఎనిమిదో వస్తుంది. "మిగతాది ఏది బాబూ?" అని అమ్మ అడిగితే "ప్రాసెసింగు, ఇన్సూరెన్సు కటింగ్ పోయిందమ్మా" అంటారు. కటింగ్ అనే మాటతో ఆ మాటలు అక్కడికి ఆగిపోతాయి. ఏ కంపెనీ బీమా, ఎవరి పేరు మీద, ఏం జరిగితే ఎంత ఇస్తారు అని అడిగేవారు లేరు. పిలిచి చెప్పేవారు అంతకంటే లేరు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల హాస్టళ్లలో చదివే పిల్లలు ఎక్కువగా వ్యవసాయ కూలీల ఇళ్ల నుంచి, కౌలు రైతుల ఇళ్ల నుంచి, కొబ్బరి దింపు కార్మికుల ఇళ్ల నుంచి వస్తారు. కొందరి అమ్మలు కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఇంటిపని చేస్తుంటారు. అప్పు లేని ఇల్లు వెతికినా దొరకదు. డ్వాక్రా సంఘంలో ఒకటి, మైక్రోఫైనాన్స్ వాళ్ల దగ్గర ఒకటి, ఆటో మీద ఒకటి, ఇంటి శ్లాబు కోసం ఒకటి. వార్షికోత్సవ సంచికలో కవితలు, కథలు, మహనీయుల జీవిత చరిత్రలు ఉండాలి గానీ బీమా గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. మన చదువుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో, ఎక్కడ కారిపోతోందో తెలుసుకోవడం కూడా చదువే అని మా అభిప్రాయం.

బీమా వద్దని మేము అనడం లేదు

ముందే ఒక మాట స్పష్టం చేయాలి. బీమా చెడ్డదని మేము అనడం లేదు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఎలా ఊడ్చేసిందో మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఎత్తయిన కొబ్బరి చెట్టెక్కే దింపు కార్మికుడికి, రాత్రిపూట రొయ్యల చెరువు మీద ఏరేటర్ల దగ్గర కాపలా ఉండే కూలీకి, పరాయి దేశంలో ఉన్న తల్లికి బీమా అవసరం మిగతా అందరికంటే ఎక్కువ. పోషించే మనిషి పోతే అప్పు భారం పిల్లల మీద పడకూడదన్న ఆలోచన మంచిదే.

మా అభ్యంతరం బీమా మీద కాదు, దానిని అమ్మే తీరు మీద. అడగకుండా కోయడం ఒక తప్పు. బీమా లేకపోతే అప్పే రాదని బెదిరించడం రెండో తప్పు. ఎప్పటికీ పనికిరాని మనిషికి అమ్మడం మూడోది. వయసు పరిమితి దాటిన మామ్మ పేరు మీద ప్రీమియం కోస్తే ఆ పాలసీ ఏం ఇస్తుంది? మరణానికి మాత్రమే వర్తించే పాలసీని దింపు కార్మికుడికి ఇచ్చి, "నీకేం జరిగినా కంపెనీ చూసుకుంటుంది" అని చెబితే, చెట్టు మీద నుంచి పడి నడుం విరిగి మంచాన పడ్డ రోజున ఆ మాట ఏమవుతుంది? అప్పు భార్య పేరున, బీమా కూడా ఆమె ఒక్కరి పేరునే ఉండి, సంపాదించే భర్త చనిపోతే ఆ కాగితం విలువ ఎంత? నాలుగోది అన్నిటికంటే పెద్దది. మనిషి చనిపోయాక కూడా బీమా ఉందన్న సంగతి ఆ ఇంటికి చెప్పకుండా వాయిదాలు వసూలు చేసుకోవడం.

లెక్క కూడా చూద్దాం. మాటవరసకు యాభై వేల అప్పుకు 1,500 రూపాయల ప్రీమియం కలిపారనుకుందాం. దానిని కూడా అసలులో కలిపి, ఏడాదికి 24 శాతం వడ్డీతో 24 నెలల వాయిదాలు కట్టిస్తే ఆ 1,500 కాస్తా సుమారు 1,900 అవుతుంది. అంటే బీమా మీద కూడా మనం వడ్డీ కడుతున్నాం. అదే బ్యాంకు ఖాతా ఉన్న 18–50 ఏళ్ల మనిషి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరితే, 2022 జూన్ నుంచి అమలులో ఉన్న రేటు ప్రకారం ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల రక్షణ ఉంటుంది. పోల్చి చూసుకునే అవకాశం అమ్మకు ఎవరైనా ఇచ్చారా అన్నదే మా ప్రశ్న.

మన రైతుకు ఇది కొత్త కాదు. 2016 ఖరీఫ్ నుంచి వచ్చిన ఫసల్ బీమా పథకంలో పంట రుణం తీసుకున్నవారికి బీమా తప్పనిసరిగా ఉండేది. 2020 ఖరీఫ్ నుంచే దానిని ఐచ్ఛికం చేశారు. భూమి ఒకరిది, సేద్యం మరొకరిది అయిన మన లంకల్లో, చేలల్లో రుణం భూయజమాని పాస్‌బుక్ మీద ఉంటే బీమా కూడా ఆయన పేరునే ఉండేది. నీట మునిగిన పంట మాత్రం కౌలు రైతుది. అప్పుకు ముడిపెట్టిన బీమా అసలు నష్టపోయినవాడిని దాటి ఎలా వెళ్లిపోతుందో చెప్పడానికి అంతకంటే వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఇంగ్లండు ప్రజలు ఎలా రాబట్టుకున్నారు?

మనల్ని పాలించిన దేశంలోనే ఈ మోసం మనం ఊహించలేనంత పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ దీనిని పీపీఐ అంటారు. ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా వాయిదాలు కంపెనీయే కడుతుందని చెప్పి అప్పులతోపాటు అమ్మిన బీమా అది. ముఖ్యంగా 1990 నుంచి 2010 మధ్య 6.4 కోట్ల దాకా పాలసీలు అమ్మారు. సొంత పని చేసుకునేవారికి, ఉద్యోగమే లేనివారికి, అప్పటికే జబ్బుతో ఉన్నవారికి కూడా అంటగట్టారు. వాళ్లలో చాలామందికి ఆ పాలసీ నిబంధనల ప్రకారం ఎప్పటికీ పైసా రాదు. కొందరికి తమ పేరున పాలసీ ఉన్నట్టే తెలియదు.

2005లో సిటిజన్స్ అడ్వైస్ అనే ప్రజాసేవా సంస్థ దీని మీద ప్రభుత్వ అధికారులకు పెద్ద ఫిర్యాదు చేసింది. నియంత్రణ సంస్థ నిబంధనలు బిగిస్తే బ్యాంకుల సంఘం హైకోర్టుకు వెళ్లింది. 2011 ఏప్రిల్‌లో ఓడిపోయింది. ఆ పైన మామూలు జనం తమ పాత కాగితాలు వెతికి ఫిర్యాదులు రాయడం మొదలుపెట్టారు. ఫిర్యాదుకు ఆఖరి గడువు 2019 ఆగస్టు 29. 2011 నుంచి 2019 చివరి వరకు బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు తిరిగి చెల్లించిన మొత్తం 3,800 కోట్ల పౌండ్లు దాటింది.

ఇందులో మనం నేర్చుకోవలసినవి రెండున్నాయి. ఒక్కొక్కరి సొమ్ము చిన్నదే అయినా అందరూ అడిగితే బ్యాంకులు కూడా దిగిరాక తప్పదన్నది మొదటిది. ఆ ఫిర్యాదు ఉచితంగా ఎవరైనా రాసుకోవచ్చని తెలియక లక్షల మంది దళారీ సంస్థలను ఆశ్రయించి, వచ్చిన సొమ్ములో పెద్ద వాటా వారికి ఇచ్చుకున్నారన్నది రెండోది. చివరికి 2018లో ఆ కమీషన్ 20 శాతం మించకూడదని చట్టం తేవలసి వచ్చింది. మన ఊళ్లలో సర్టిఫికెట్టుకీ, పింఛనుకీ మధ్యవర్తి తయారుగా ఉంటాడన్నది మనకు తెలియనిది కాదు. బీమా సొమ్ము దగ్గర అతనికి చోటు ఇవ్వకూడదు.

మన దగ్గర నిబంధనలు ఏమంటున్నాయి?

చాలామంది అనుకుంటున్నట్టు మన దేశంలో చట్టం లేక కాదు. బ్యాంకు ఫలానా కంపెనీ బీమాయే కొనాలని ఖాతాదారును బలవంతం చేయకూడదు. 2022 మార్చిలో మైక్రోఫైనాన్స్ అప్పుల మీద రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం బీమా వంటివి అమ్మాలంటే అప్పు తీసుకునేవారి పూర్తి సమ్మతి కావాలి. వాటి ధర లోన్ కార్డులోనే రాయాలి. ఆ కార్డు వారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త వ్యక్తిగత అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే పత్రం ముందుగా ఇవ్వాలి. అందులో బీమా ఖర్చు విడిగా కనిపించాలి, దానిని కూడా కలిపి అసలు వార్షిక రేటు ఎంతో చూపాలి. కట్టించుకున్న ప్రీమియానికి రసీదు ఇవ్వాలి. గ్రూపు పాలసీ అయినా ప్రతి సభ్యురాలికీ బీమా సర్టిఫికెట్ అందాలి.

నిబంధన కాగితం మీద ఉంది. అడిగే మనిషి ఊళ్లో లేడు. ఆ ఖాళీని నింపవలసింది విద్యార్థులమే.

ఊరికే అనడం లేదు. రాజోలు వైపు మా హాస్టల్ తమ్ముడు ఒకతని తండ్రి ఆటో నడుపుతూ గుండెపోటుతో చనిపోయాడు. తల్లి చెవి దిద్దులు అమ్మి మరీ ఏడు నెలలు వాయిదాలు కట్టింది. "ఆగితే బండి తీసుకుపోతాం" అన్నారే తప్ప ఆ అప్పుకు బీమా ఉందని ఒక్కరూ చెప్పలేదు. సెలవులకు వెళ్లినప్పుడు ఆ తమ్ముడు లోన్ కాగితాలు తిరగేసి, ఒక మూల ఇన్సూరెన్సు ప్రీమియం అన్న వరుస చూశాడు. మేము నలుగురం కూర్చొని తెలుగులోనే అర్జీ రాశాం. గడువు దాటిపోయిందని మొదట తిప్పి పంపారు. రెండోసారి మరణ ధ్రువపత్రం, ప్రీమియం కోసిన తేదీ జతచేసి, పై అధికారికి రాస్తామని కూడా రాశాం. మిగిలిన అప్పు రద్దయింది. చావు తర్వాత కట్టించుకున్న వాయిదాలు తిరిగి వచ్చాయి. వకీలు లేడు, మధ్యవర్తి లేడు. అయిన ఖర్చు జిరాక్సులకు, రిజిస్టర్ పోస్టుకు.

ఎలా అడగాలి?

మొదట లోన్ కార్డు, ఒప్పందం, బ్యాంకు పాస్‌బుక్ ముందు పెట్టుకోవాలి. మంజూరైన సొమ్ముకు, చేతికొచ్చిన సొమ్ముకు తేడా ఎంత, అందులో బీమా ఎంత అని తేల్చాలి. తర్వాత అప్పు ఇచ్చిన సంస్థకు ఒక పేజీ అర్జీ చాలు. బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, ఎవరి ప్రాణానికి బీమా, నామినీ ఎవరు, సమ్మతి ఎప్పుడు తీసుకున్నారు, సర్టిఫికెట్ నకలు ఇవ్వండి అని అడగాలి. సమ్మతి లేకుండా కోసి ఉంటే ప్రీమియం, దాని మీద పడిన వడ్డీ తిరిగి ఇమ్మనాలి. అర్జీ నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. నోటిమాట ఫిర్యాదుకు సాక్ష్యం ఉండదు.

వ్యక్తిగత పాలసీ అయితే పత్రం చేతికందిన 30 రోజుల్లోగా వద్దని తిప్పి ఇచ్చేయవచ్చు. అప్పు గడువుకు ముందే తీర్చేస్తే మిగిలిన కాలానికి ప్రీమియంలో కొంత వెనక్కి వచ్చే ఏర్పాటు చాలా పాలసీల్లో ఉంటుంది. అడగకపోతే అదీ రాదు.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా పై మెట్లున్నాయి. బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ తప్పయితే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు. బీమా కంపెనీ తప్పయితే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతోపాటు మన పక్కనున్న యానాం కూడా ఆ కార్యాలయం పరిధిలోదే. రెండు చోట్లా ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలన్నది మాత్రం మరిచిపోకూడదు. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ కూడా ఫీజు లేదు. 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

మేము కోరేది

అప్పు ఇచ్చే సంస్థలు బీమా సర్టిఫికెట్టును తెలుగులో, అప్పు చేతికిచ్చిన రోజే ఇవ్వాలి. అప్పుదారు చనిపోతే వాయిదా అడగడానికి వెళ్లే మనిషే క్లెయిమ్ ఫారం కూడా పట్టుకెళ్లాలి. ఇంటికి వెళ్లి వాయిదా అడగగలిగినవారు అదే ఇంటికి ఫారం ఇవ్వలేరా? సచివాలయాల్లో మరణ ధ్రువపత్రం రాసిచ్చేటప్పుడు "అప్పు ఏమైనా ఉందా, దానికి బీమా ఉందా" అని ఒక్క ప్రశ్న అడిగే ఏర్పాటు చేయాలి.

మా తమ్ముళ్లను, చెల్లెళ్లను కోరేది ఇంకా తేలిక. సంక్రాంతికి ఇళ్లకు వెళ్తాం. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూస్తాం. తిరిగి వచ్చే ముందు ఒక పూట ట్రంకు పెట్టె తెరిచి అమ్మానాన్నల లోన్ కాగితాల నకళ్లు తీసుకురండి. హాస్టల్లో నెలకొక ఆదివారం సాయంత్రం సీనియర్లం కూర్చుంటాం. పదో తరగతి చదివే పిల్లలు కాగితం చదవాలి, ఇంటరు వాళ్లు లెక్క కట్టాలి, డిగ్రీ వాళ్లు అర్జీ రాయాలి. వార్డెన్ గారు ఒక రిజిస్టరు ఇస్తే ఏ ఇంటి అర్జీ ఎంతవరకు వచ్చిందో అందులో రాసుకుందాం. వచ్చిన సొమ్ములో ఎవరికీ వాటా ఉండదు.

రూపాయి సమస్య మీద 1923లోనే లండన్‌లో పరిశోధన గ్రంథం ప్రచురించిన డాక్టర్ అంబేడ్కర్ పేరు 2022లో మన జిల్లాకు వచ్చింది. ఆ పేరు పెట్టుకున్న గడ్డ మీద, ప్రభుత్వ హాస్టల్ అన్నం తిని చదువుకుంటున్న మనం, మన అమ్మ చేతిలో నుంచి జారిపోయిన వెయ్యిన్నర రూపాయలకు లెక్క అడగగలగాలి. మొదటి ఆదివారానికి మీ ఇంటి లోన్ కార్డుతో రండి.