వేగమునకు ముందు కందెన

ప్రయాణమునకు ముందు బండి యిరుసునకు కందెన పెట్టవలయునని మన గూడూరు ప్రాంతపు రైతుబిడ్డలకు ఒకరు చెప్పనక్కఱలేదు. కందెన చాలనిచో ఇరుసు కీచుమని మొఱపెట్టును. తోలువాడు బండి నాపును. మోటారు ఇంజను అట్టి యవకాశము నీయదు. నూనె యందని కొలది క్షణములలోనే బేరింగులు అరిగి, క్రాంకు పట్టుకొనిపోవును.

2022వ సంవత్సరాంతమున హైదరాబాదు హుస్సేనుసాగరు తీరమున పందెపు కార్లు పరుగెత్తినవి. 2023 ఫిబ్రవరి 11వ తేదీన అచ్చటనే ఫార్ములా-ఇ పందెము జరిగెను. ఈ రెండవవి విద్యుత్తు కార్లగుటచే వానికి ఇంజను నూనెతో పనిలేదు. పెట్రోలు కార్ల బలమును పెంచగోరు యువకులకు మాత్రము నూనెయే మొదటి చింత కావలయును. అట్లుగాక, వారు టర్బోకును, పెద్దధ్వని చేయు పొగగొట్టమునకును ధనము వెచ్చించి, నూనె సంగతి కడపట తలంచుచున్నారు. ఈ క్రమము తలక్రిందులైనదని మా యభిప్రాయము.

కారణము విన్నవించెదము. సాధారణపు కారులో నూనె ఇంజను క్రిందనున్న ఛాంబరులో నిలిచియుండును. పంపు దానిని పీల్చి బేరింగుల కందించును. భూమ్యాకర్షణతో సమానమైన బలముతో కారు మలుపు తిరిగినపుడు, ఛాంబరులోని నూనె మట్టము 45 డిగ్రీలు వాలును. నూనె యొక ప్రక్కకు పోగా, పీల్చుగొట్టమునకు గాలి దక్కును. ఇది ఛాంబరు చేసినవారి లోపము కాదు. వారు దానిని రోడ్డుమీది నడకకు చేసిరి, పందెమునకు కాదు. ఇంతియగాక, బలము పెరిగినకొలది వేడిమియు పెరుగును. వేడెక్కిన నూనె పలుచనై, లోహమును లోహమునుండి వేఱుచేయు సన్నని పొరను నిలుపజాలదు.

కొందఱు పెద్ద పంపు పెట్టిన చాలునందురు. ఛాంబరులో నూనె నిలువకున్న పెద్ద పంపు దానిని మఱింత త్వరగా ఖాళీచేయును. మఱికొందఱు చిక్కని నూనె పోసిన చాలునందురు. గొట్టములో గాలి చేరినపుడు చిక్కదన మేమి చేయగలదు?

మేము మేలని తలంచు క్రమ మిది. మొదట నూనె యొత్తిడిని, వేడిమిని తెలుపు కొలతగడియారములు అమర్చవలెను. తెలియని రోగమునకు మందు లేదు గదా. పిదప నూనె ప్రక్కకు పరుగిడకుండ ఛాంబరులో అడ్డుపలకలు వేయింపవలెను. అటుపై వేడిమిని బట్టి నూనెను చల్లార్చు కూలరును, చల్లని యింజనులో దానికి నూనె పోనీయని థర్మోస్టాటును పెట్టవలెను. ఇవియు చాలనిచో డ్రై-సంపు పద్ధతి కలదు. అందు పంపులు నూనెను ఛాంబరునుండి ఎప్పటికప్పుడు లాగి వేఱొక తొట్టిలో నింపును. అచ్చటినుండి అది బేరింగులకు పోవును. 1964 నాటి తొలి పోర్షే 911 కారు ఈ పద్ధతినే యవలంబించినది. ఇది వ్యయసాధ్యము, కావున అందఱికి తగినది కాదు.

ఇది సొంత ధనమునకు మాత్రమే చెందిన విషయము కాదు. పగిలిన ఇంజనునుండి కారిన నూనెపై వెనుక వచ్చువాని చక్రములు జారును. ఒకని యజాగ్రత్త మఱియొకని ప్రాణము మీదికి వచ్చును. మఱియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. కనుక ఇట్టి కారుకు తగిన చోటు మదరాసు చేరువ ఇరుంగట్టుకోట్టై వంటి పందెపు బాటయే గాని, నర్సంపేట మహబూబాబాదుల నడుమనున్న మన దారి కాదు.

విద్యార్థులారా! యంత్రములయందు మీకుగల ఆసక్తి మెచ్చదగినదే. తల్లిదండ్రులారా! దానిని అణచివేయక, సరియైన క్రమమున నడిపింపుడు. పొగగొట్టపు ధ్వని నలుగురికి వినబడును. నూనె చేయు మేలు ఎవ్వరికిని కనబడదు. కనబడని పనిని ముందు చేయువాడే నిజమైన మేస్త్రీ.