మాటకూ తూటాకూ సంబంధం లేదనకండి



నేతల ఉపన్యాసాలకూ వీధిలో జరిగే దాడులకూ లంకె పెట్టొద్దని, నోరు పారేసుకున్నవాడు వేరు, చేయి చేసుకున్నవాడు వేరని కొందరు వాదిస్తున్నారు. 2025 డిసెంబరులో బెళగావిలో మా కర్ణాటక శాసనసభ ద్వేష ప్రసంగాలనూ ద్వేష నేరాలనూ ఒకే బిల్లులో చేర్చి ఆమోదించాక ఈ వాదన మరీ ఎక్కువగా వినిపిస్తోంది. దీనికి తెలుగువాళ్లు కూడా తలూపడమే నాకు మింగుడుపడటం లేదు.

కూచిభొట్ల శ్రీనివాస్‌ను అప్పుడే మరిచిపోయామా? గార్మిన్ కంపెనీలో పనిచేసే ఈ హైదరాబాదు ఇంజనీరు 2017 ఫిబ్రవరి 22 సాయంత్రం అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో, స్నేహితుడు అలోక్ మాదసానితో కలిసి ఒక బార్‌లో కూర్చున్నాడు. ఆడమ్ ప్యూరింటన్ అనేవాడు వచ్చి మీ వీసాలేంటని గద్దించాడు. బయటికి పంపేస్తే తుపాకీతో తిరిగొచ్చి, నా దేశం నుంచి పొండి అంటూ కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు. అలోక్‌తో పాటు, అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిలట్ కూడా గాయపడ్డాడు. పారిపోయిన ప్యూరింటన్ పక్క రాష్ట్రంలో చెప్పుకున్నదేమిటి? ఇద్దరు ఇరానియన్లను కాల్చానని!

ఇరానియన్లే ఎందుకు? అంతకు నెల తిరక్కముందే, జనవరి 27న, ఇరాన్ సహా ఏడు దేశాలవాళ్లను అమెరికాలోకి రానివ్వొద్దని అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాడు. అంతకుముందు ఏడాదిన్నరగా ఎన్నికల సభల్లో ముస్లింలనూ వలస వచ్చినవాళ్లనూ ముప్పుగా చూపిస్తూనే ఉన్నాడు. ఆ ఉత్తర్వు చదివే కాల్చాడని నేననను. ఆ మాటలకూ హత్యకూ ముడిపెట్టడం అసంబద్ధమని వైట్‌హౌస్ ప్రతినిధి షాన్ స్పైసర్ కొట్టిపారేశాడు కూడా. సరే, తుపాకీ ప్యూరింటన్‌దే, 2018లో యావజ్జీవం పడిందీ అతనికే. కానీ కసి ఎవడికైనా ఉంటుంది. అది ఎవరి మీద తీర్చుకోవాలో చూపించేది మైకు.

ఇది నా ఊహ కాదు. కార్‌స్టెన్ ముల్లర్, కార్లో ష్వార్జ్ అనే ఆర్థికవేత్తలు జర్మనీలో లెక్కలు తీశారు. తీవ్ర మితవాద పార్టీ ఏఎఫ్‌డీ ఫేస్‌బుక్ పేజీలో శరణార్థుల మీద విషం ఎక్కువైన వారాల్లో, ఫేస్‌బుక్ వాడకం ఎక్కువున్న చోట్ల దాడులూ ఎక్కువయ్యాయి. నెట్ ఆగిపోయిన చోట ఆ తేడా లేదు. జనం అదే జనం, శరణార్థులూ వాళ్లే. అందనిది మాట ఒక్కటే.

ఇక మా సంగతి. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లొచ్చాక కోస్తాంధ్ర నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న తెలుగు కుటుంబాల ఊళ్లే మా క్యాంపులు. మీ రాష్ట్రానికి పొండి అని ఇక్కడివాళ్లు మా తాతల్ని తరిమి ఉంటే మా గతేమిటి? ఇప్పుడు మా పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడ ఏ నేత ఏమన్నాడోనని రాత్రంతా టీవీ చూసే తండ్రే, తెల్లారేసరికి ఫలానా మతంవాళ్లను ఊళ్లోంచి వెళ్లగొట్టాలనే ఉపన్యాసాన్ని వాట్సాప్ గ్రూపులో పెడతాడు. కింద వరసగా దండాల బొమ్మలు. అడిగితే, "ఊరికే ఫార్వార్డ్ చేశానండీ" అంటాడు.

కొత్త బిల్లు మీద నాకూ అనుమానాలున్నాయి. రేపు దాన్ని విలేకరుల మీద వాడరన్న నమ్మకం లేదు. అయితే ఫిర్యాదు రాకపోయినా ద్వేష ప్రసంగాల మీద కేసు పెట్టాలని 2023 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మా జిల్లా, తాలూకా పంచాయతీ ఎన్నికలు ఎప్పుడు పెట్టినా, ఆ సభల్లో మాట్లాడేవాళ్లతోనే పోలీసులు ఆ పని మొదలుపెట్టాలి. మాట్లాడినవాడు మా క్యాంపువాడైనా సరే.

ఇట్లు
ఒక క్యాంపు రైతు,
సిరవార, రాయచూరు జిల్లా