కొలువులో వీథిరైలు



ధనుర్మాసము ప్రవేశించినతోడనే బొమ్మల పెట్టెలు అటకమీదినుండి దిగును. ఈ యేడు గుడివాడనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. అమెరికాలో నున్న మఱది పిల్లలకు విద్యుత్తుతో నడచు చిన్న రైలును పంపెనట. కుమారుడు దానిని కొలువుచుట్టు గుండ్రముగా త్రిప్పెదననుచున్నాడట. కొలువునకు బొమ్మలేగాని యంత్రములెందుకని అత్తగారి మాట. కొమార్తె యేమనుచున్నదో జాబులో లేదు. మేము మొదట గమనించినది అదియే.

అత్తగారి మాటలో న్యాయము కలదు. గుండ్రముగా తిరుగు రైలు మొదటినాడు ముచ్చట, రెండవనాడు మ్రోత, మూడవనాడు పెట్టెలోనికి పోవును. కాని రైలునకు తిరుగుట తప్ప వేఱు పని లేదా? స్టేషనులో గూడ్సుపెట్టెలను ముందునకు వెనుకకు నెట్టి, విడదీసి, కావలసిన వరుసను కూర్చు షంటింగు ఇంజనును చూచిన పిల్లలు తామెక్కవలసిన బండిని మఱచిపోదురు. ఆ పనిని బల్లమీదికి తెచ్చుటకు ఒక్క వీథి చాలును.

వీథిలో రైలేమిటని యడుగుదురేమో. విజయవాడలో సత్యనారాయణపురము నడుమనుండి పూర్వము రైలుపట్టాలు పోయెడివి. వానిని తీసివేసి ఆ జాడననే వెడల్పైన బాట వేసిరి; నేడు దానిని బి.ఆర్.టి.ఎస్. రోడ్డందురు. డార్జిలింగు చిన్న రైలు నేటికిని కర్సియాంగు బజారులో అంగళ్లను రాచుకొనునట్లు పోవును. న్యూయార్కులో పదవ ఎవెన్యూ అను వీథిని గూడ్సుబండి నడచు దినములలో, గుఱ్ఱమెక్కిన యొక మనుష్యుడు ఎఱ్ఱజెండాతో ముందు నడచి జనులను తొలగించెడివాడు. తుదకు 1934లో ఆ పట్టాలను ఎత్తైన వంతెనమీదికి మార్చిరి. 2009 నుండి ఆ వంతెన యుద్యానవనము. మా కూచిపూడికి రైలే లేదు గనుక ఏ వీథిలో నడపినను మాకభ్యంతరము లేదు.

పట్టాలు కొనుటకు ముందు ముగ్గుగిన్నె తెచ్చుకొనుడు. చావడినేలపై నొక నిడుపుగీత గీసి, దానిని రెండుచోట్ల చీల్చి మూడు దారులు చేయుడు. ఎనిమిది అగ్గిపెట్టెలపై 1 మొదలు 8 వఱకు అంకెలు వేయుడు, అవి గూడ్సుపెట్టెలు. ఎఱ్ఱకాగితము అంటించిన తొమ్మిదవది ఇంజను. ఒక దారిలో అయిదు పెట్టెలు, తక్కిన రెంటిలో మూడేసి పట్టవలెను. చీలికకు ఈవలనున్న తోకగీతలో ఇంజనును మూడు పెట్టెలును మాత్రమే నిలువవలెను. ఇంకొక పెట్టెకు చోటిచ్చితిరా, ఆట తేలికయై పోవును. ఈ కొలతలు ఇంగ్లండులో ఆలన్ రైటు అను నాతడు ఇంగిల్‌నుక్ సైడింగ్సు అను పేర కట్టిన చిన్న బల్లనుండి వచ్చినవి.

ఇక ఆట. అయిదింటి దారిలో అయిదును, మూడింటి దారులలో నొకదానియందు మూడును పెట్టి, ఎనిమిది అంకెల చీట్లు గిన్నెలో వేసి, ఒకదాని తరువాత నొకటిగా అయిదు తీయుడు. ఆ వరుసనే అయిదు పెట్టెలను పెద్దదారిలో కూర్పవలెను. చేతితో ఎత్తరాదు, ఇంజను లాగినచో రావలెను, నెట్టినచో పోవలెను. అడుగుననున్న పెట్టె కావలసివచ్చినచో, ముందున్న మూడింటిని లాగి ఖాళీదారిలో నిలిపిన వెనుక నాలుగవదానికి చోటెక్కడ? ఇచ్చటనే పిల్లలు తల పట్టుకొందురు. బయటికి వచ్చు త్రోవ తలపక పెట్టెను లోనికి నెట్టినవాడు పద్మవ్యూహములోని అభిమన్యుడగును. ఎనిమిదింటిలో అయిదింటిని వరుసగా ఎన్నుకొను విధములు 6720. సంక్రాంతి మూడు దినములును దినమునకు ఇరువదేసి యాటలాడినను, అన్నియు ముగియుటకు 112 సంక్రాంతులు కావలెను. అట్లుండగా గుండ్రముగా త్రిప్పుట యెందుకు?

ముగ్గుమీద నాలుగు దినములాడి కొలతలు కుదిరిన పిమ్మటనే బల్ల. సామాన్యముగా దొరకు చిన్నరైళ్లకు అయిదడుగుల పొడవు, అడుగు వెడల్పు చాలును. పళ్లెపుటంచున నిలిచి తరంగమాడువారిని చూచిన మా కన్నులకు అది యిఱుకని తోచదు. పట్టాలు వీథిలో దిగియున్నట్లు కనబడుటకు, కొండపల్లివారు బొమ్మలకు వాడు మక్కునే, అనగా రంపపుపొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్దను, పట్టాల నడుమ అద్దుడు. చక్రపుటంచు దిగుటకు ఇరుప్రక్కల సన్నని సందు విడువవలెను. లేనిచో చక్రము పైకి లేచి విద్యుత్తు అందక బండి నిలిచిపోవును. రైలువారు పాయింటను చీలికలో నాలుక కదలుచోట మక్కు తగులనీయరాదు. దీపపు నూనెయును పట్టాలకు శత్రువే.

కొండపల్లి బొమ్మలను ఈ వీథిలో నిలుపరాదు. ఈ రైళ్లలో మిక్కిలి ప్రచారముననున్నది అసలులో 87వ వంతు. మన పెద్దలైను పట్టాల నడిమి వెడల్పు 1676 మిల్లీమీటర్లు, అనగా అయిదడుగుల ఆఱంగుళములు. అంత పొడవైన మనుష్యుడు ఇచ్చట 19 మిల్లీమీటర్లే! జానెడు బొమ్మ ఆ వీథికి ఘటోత్కచుడగును. కావున బొమ్మలు యథాప్రకారము మెట్లమీద, దేవుళ్లు పైమెట్టున; రైలుబల్ల వేఱుగా, క్రింద. అత్తగారికి కోపము రాదు. ఒక దారి బియ్యపు మిల్లునకు, ఒకటి నూనెమిల్లునకు, ఒకటి గిడ్డంగికి. అట్టముక్కలతో ముఖద్వారములు చాలును. చిన్న చింతగింజలే ధాన్యపు బస్తాలు. గోడలోని విద్యుత్తును 12 వోల్టులకు తగ్గించు పెట్టె రైలుతో వచ్చును. దానిని గోడకు తగిలించుట పెద్దల పని.

జాబులో లేని మాట యొకటి మిగిలినది. తఱచుగా ఇండ్లలో మీట కుమారుని చేతికిని, అట్టయిండ్లకు రంగువేయు పని కొమార్తెకును పోవును. కొలువు ఆడపిల్లల పండుగయైనను ఇట్లు జరుగుట మాకు రుచింపదు. ఒకరు ఇంజను నడుపునపుడు రెండవవారు చీలిక త్రిప్పవలెను. ప్రతి యాటకును పనులు మార్చుకొనవలెను. చీట్లు తీయు పని పేరంటాండ్రది. పసుపు కుంకుమ లిచ్చి తాంబూలము చేత పెట్టులోపల పెట్టెలు వరుసకు వచ్చెనా లేదా యని పందెము వేసికొనవచ్చును.

కొలువెత్తునాడు పట్టాలను పొడిబట్టతో తుడిచి, పెట్టెలను విడివిడిగా పాతబట్టలో చుట్టి, ముగ్గులో కుదిరిన కొలతలను కాగితముపై వ్రాసి వానితోనే యుంచుడు. మరుసటి యేట వెదుకుకొన పనిలేదు.