పసుపు కుంకుమలతో పోయిందట, ఏ జబ్బుతో?

మన తెలుగులో మగవాడి చావుకు కారణం ఉంటుంది. ఆడదాని చావుకు యోగం ఉంటుంది. ఆయన "గుండె ఆగి పోయాడండీ!" ఆవిడో? "పుణ్యాత్మురాలు, పసుపు కుంకుమలతో వెళ్ళిపోయింది." ఏ జబ్బుతో వెళ్ళిందని అడిగితే మా సత్తెనపల్లిలోనే కాదు, ఎక్కడైనా వింతగా చూస్తారు. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనుక ఈ మాటలమీద నాకు కన్నుపడింది.

2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి, పోయినవారికి చివరి రోజుల్లో ఏమేమి బాధలుండేవో ఇంటివాళ్ళను అడిగి రాసుకున్నారు. 1,354 మరణాలు లెక్కకొచ్చాయి. పల్లెలు గదా, జ్వరాలూ విరేచనాలూ ముందుంటాయనుకుంటాం. ముందున్నవి గుండెజబ్బూ, పక్షవాతమూ! రక్తప్రసరణ జబ్బులే నూటికి 32. అంటురోగాలు 12.

ఇది మన జాతి రక్తంలోనే ఉన్నదని కొందరంటారు. నిజమే, 2007లో వెలువడిన ఒక పరిశోధనలో మొదటి గుండెపోటు దక్షిణాసియావారికి సగటున 53వ ఏట, తక్కినవారికి దాదాపు 59వ ఏట వచ్చినట్టు తేలింది. కాని ఆ తేడాలో చాలా భాగం పొగాకు, మధుమేహం, కొవ్వు వంటివి మనల్ని చిన్న వయస్సులోనే పట్టుకోవడంవల్లనేనని వాళ్ళే చెప్పారు. నెపం రక్తంమీద పెడితే మనకు సుఖం, అంతే.

ఆడామగా తేడాలో అలవాట్ల పాలు ఎంతో చూడాలంటే శ్రీకాకుళం వైపు వెళ్ళాలి. అక్కడి పల్లెల్లో చుట్ట నిప్పు నోట్లో పెట్టుకు కాల్చే 'అడ్డపొగ' ఆడవాళ్ళలోనే ఎక్కువ. అంగిటి క్యాన్సరూ దానివెంటే. 1971లోనే పదివేల పైచిలుకు మంది నోళ్ళు పరీక్షించి ఈ సంగతి ప్రకటించారు.

గుండె సంగతికొస్తే, మన దేశంలో ఆడవారి మరణాల్లోనూ మొదటి పీట దానిదే. కాకపోతే ఆ జబ్బు వారికి కొన్నేళ్ళు ఆలస్యంగా వస్తుంది. వచ్చినప్పుడూ ఒక్కొక్కసారి ఛాతీనొప్పిగా రాదు. ఆయాసం, వికారం, దవడ లాగడం, ఎన్నడూ లేని నీరసం. ఇంట్లో వీటికి పేరు "గ్యాసు". యజమాని ఛాతీ పట్టుకుంటే కారు వస్తుంది; ఇల్లాలు పట్టుకుంటే సోడా వస్తుంది.

కాబట్టి అయ్యా, ఆవిడకు ఆయాసంతోబాటు చెమటలు పడితే సోడా పక్కనబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఇ.సి.జి. తీయించండి. "వంటెవరు చేస్తారు?" అని ఆవిడే అడ్డుపడుతుంది. దానికి జవాబు ఇవాళే ఆలోచించుకోండి.