ఆ కత్తి గండికోటది కాకపోవచ్చు!

జమ్మలమడుగు వైపు ఎవరింట్లోనైనా పాత కత్తి బయటపడితే ఒకటే మాట: "గండికోట పెమ్మసాని వాళ్లదంట!" కావచ్చు. కానీ స్టేటస్‌లో పెట్టే ముందు ఒకసారి పిడి చూడండి.

మన తల్వార్‌కి పిడి దగ్గర చేతికి అడ్డుగా ఇనుప కమ్మీ, చివర గుండ్రటి బిళ్ల ఉంటాయి. అవి లేకుండా పొడవైన గుండ్రటి పిడి, ఒకవైపే పదును, కొద్దిపాటి వంపు ఉంటే అది బర్మా 'ధా' కావచ్చు. బర్మా భాషలో ఆ మాటకు అర్థం కత్తి అనే. ఒర కూడా ఓ గుర్తే: రెండు చెక్కలు కలిపి, పేముతోనో వెండి రేకుతోనో చుట్టి ఉంటుంది. భుజానికి తగిలించుకోడానికి తాడు ఉంటుంది.

బర్మా కత్తి మన దగ్గరికి ఎలా వస్తుంది? 1824లో మొదలైన తొలి బర్మా యుద్ధంలోనే మద్రాసు సైన్యం సిపాయిలు అక్కడ పోరాడారు. తర్వాత రంగూన్ రేవులో మూటలు మోసిన వాళ్లలో తెలుగు కూలీలు చాలామంది. 1930 మే అల్లర్లలో దెబ్బతిన్నదీ వాళ్లే. 1942లో జపాన్ సేనలు వచ్చాక ఎందరో అడవుల్లో నడిచి స్వదేశం చేరారు. విశాఖలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఉంది.

ఇలాంటి కత్తికి తుప్పు కంటే మన శుభ్రంతోనే భయం. ప్రొద్దుటూరైనా పులివెందులైనా, దసరా వచ్చిందంటే చింతపండు, ఇటుకపొడి తీస్తాం. చింతపండు పులుపు ఇనుమును తినేస్తుంది. సానరాయి పెడితే, అలుగు మీద వెండి తీగతో చేసిన పని ఏదైనా ఉంటే అదీ పోతుంది. ఎర్ర తుప్పు మీద మాత్రం కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి, రాత్రంతా వదిలేసి, మెత్తటి గుడ్డతో తుడవండి. వాదర జాగ్రత్త. మొండి తుప్పైతే మళ్లీ నూనె, మళ్లీ ఓపిక. నల్లటి పొరను ముట్టుకోవద్దు, అది కత్తి వయసు. పిడిని వేడి చేయొద్దు, లోపల అలుగును పట్టి ఉంచే లక్క కరుగుతుంది. చివర్లో పల్చగా మైనం రాయండి. వట్టి చేత్తో పట్టుకోవద్దు, చెమటలో ఉప్పు ఉంటుంది.

నూరేళ్లు దాటితే 1972 చట్టం ప్రకారం అది పురావస్తువు. అమెరికాలో ఉన్న అన్నకు పంపడం కుదరదు.

ఇంకో పని ఈ రోజే చేయండి. అవ్వనో తాతనో కూర్చోబెట్టి, అది ఎవరు తెచ్చారో అడిగి ఫోన్‌లో రికార్డ్ చేయండి. అరగదీసిన కత్తికి అన్‌డూ లేదు. అడగకుండా పోయిన కథకీ అంతే.