ఛాంబర్‌లో తూటా ఉండాలా.. వద్దా? అమెరికా గన్ ఓనర్ల మధ్య తెగని పంచాయితీ

అమెరికాలో 29 రాష్ట్రాల్లో హ్యాండ్‌గన్‌ను బట్టల చాటున పెట్టుకుని బయట తిరగడానికి ఇప్పుడు పర్మిట్ అక్కర్లేదు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచే ఈ రూల్ నడుస్తోంది. పర్మిట్ లేదంటే దానికోసం తీసుకోవాల్సిన ట్రైనింగ్ కూడా లేనట్టే. దీంతో ఒకప్పుడు ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కూర్చుని తేల్చుకునే ప్రశ్నను ఇప్పుడు ఎవరికి వారే తేల్చుకోవాల్సి వస్తోంది. నడుముకు తుపాకీ పెట్టుకున్నప్పుడు తూటా ఛాంబర్‌లో ఉండాలా.. మ్యాగజైన్‌లోనే ఉండాలా?

ఇంతకీ తేడా ఏంటంటే.. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో తూటాలు పిడి లోపలి మ్యాగజైన్‌లో ఉంటాయి. పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే ఒక తూటా ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కడమే ఆలస్యం. ఛాంబర్ ఖాళీగా ఉంటే మాత్రం ట్రిగ్గర్ నొక్కినా పేలదు.

21 అడుగుల లెక్క

'లోడ్ చేసే ఉంచుకోవాలి' అనేవాళ్లు ఎక్కువగా చెప్పేది డెనిస్ ట్యూలర్ లెక్క. సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి అయిన ఆయన 1983లో ఓ మ్యాగజైన్‌లో వ్యాసం రాశారు. కత్తి పట్టుకున్న వ్యక్తి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడన్నది దాని సారాంశం. అంత తక్కువ టైమ్‌లో తుపాకీ తీసి, స్లైడ్ లాగి, గురిపెట్టడం జరిగే పనేనా అన్నది వీళ్ల ప్రశ్న. పైగా స్లైడ్ లాగాలంటే మామూలుగా రెండు చేతులూ కావాలి. ఒక చేత్తో దాడిని అడ్డుకుంటుంటేనో, పిల్లాడిని ఎత్తుకుని ఉంటేనో అంతే సంగతులు. ఛాంబర్ ఖాళీగా ఉంచి, తుపాకీ తీస్తూనే లోడ్ చేసే పద్ధతికి అక్కడ 'ఇజ్రాయెలీ క్యారీ' అనే పేరుంది. దానికీ గట్టి ప్రాక్టీస్ కావాలి.

అయితే ట్యూలర్ లెక్క పోలీసు డ్యూటీలోంచి వచ్చింది. మామూలు మనిషికి అలాంటి ఒకటిన్నర సెకన్లు జీవితంలో ఒక్కసారైనా వస్తాయో రావో. తుపాకీ మాత్రం రోజూ ఒంటి మీదే ఉంటుంది.. కారెక్కేటప్పుడు, దిగేటప్పుడు, వాష్‌రూమ్‌లో కూడా.

2008 నవంబర్‌లో న్యూయార్క్ నైట్‌క్లబ్‌లో ఫుట్‌బాల్ స్టార్ ప్లాక్సికో బరెస్ విషయంలో జరిగిందదే. ప్యాంట్ నడుములో దోపుకున్న గ్లాక్ పిస్టల్ కిందకు జారింది. పట్టుకోబోతే పేలి, తూటా సొంత తొడలోకే దిగింది. లైసెన్స్ లేని తుపాకీ కావడంతో రెండేళ్ల జైలు శిక్ష కూడా పడింది. తప్పు తూటాది కాదు, హోల్‌స్టర్ వాడకపోవడమే అంటారు లోడెడ్ వర్గం. ఆ మాటలో నిజం లేకపోలేదు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ ఉంటే అలా జరిగేది కాదేమో.

కానీ ఐడహో ఘటనకు ఆ జవాబు సరిపోదు. 2014 డిసెంబర్ 30న హేడెన్ పట్టణంలోని ఓ స్టోర్‌లో రెండేళ్ల బాబు తల్లి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటకు తీశాడు. అది పేలి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆమెకు పర్మిట్ ఉంది. బ్యాగ్ కూడా తుపాకీ కోసం ప్రత్యేక అర ఉన్నదే. రెండేళ్ల పిల్లాడి వేలు ట్రిగ్గర్ నొక్కగలదు కానీ, స్లైడ్ లాగే బలం ఆ చేతులకు ఉండదు. పసిపిల్లలున్న ఇళ్లలో, బ్యాగ్‌లో పెట్టుకునేవాళ్ల విషయంలో ఖాళీ ఛాంబర్ వాదనే బలంగా కనిపిస్తోంది.

రివాల్వర్‌కు ఈ ఆప్షన్ కూడా లేదు. అందులో స్లైడ్ ఉండదు, తూటాలన్నీ సిలిండర్ గదుల్లోనే ఉంటాయి. 2024 అక్టోబర్ 1న ముంబైలో నటుడు గోవిందా కాలికి గాయమైంది లైసెన్స్‌డ్ రివాల్వర్‌తోనే. మన దగ్గర 2019 ఆయుధ చట్ట సవరణ ప్రకారం నిర్లక్ష్యంగా తుపాకీ వాడి ఇతరుల ప్రాణాల మీదకు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

మనవాళ్ల సంగతేంటి?

2024 నవంబర్‌లో జార్జియాలో ఓ తెలుగు విద్యార్థి తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణాలు కోల్పోయాడు. శుభ్రం చేసే ముందు మ్యాగజైన్ తీసేస్తే సరిపోదు.. ఛాంబర్‌లో ఒక తూటా మిగిలే ఉండొచ్చు. స్లైడ్ లాగి కళ్లతో చూసుకోవాల్సిందే.

ఇంకో విషయం. పర్మిట్ అక్కర్లేదంటే ఎవరైనా కొనుక్కోవచ్చని కాదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాలపై ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకు ఈ నిషేధం వర్తించదు.