పాసివ్ వాయిస్ అంటే మజ్హూల్

గోదావరిఖని, రామగుండం బస్తీల్లో చాలామంది బచ్చాలకు ఇంగ్లీష్ గ్రామర్ అంటే ఖౌఫ్. అసలు ఖౌఫ్ గ్రామర్ అంటే కాదు, ఆ పేర్లంటే. నౌన్, ప్రిపొజిషన్, పాసివ్ వాయిస్... ఈ లఫ్జ్‌ల మానీ చెప్పకుండా డెఫినిషన్ బట్టీ పట్టమంటే ఏం అర్థమైతది?

2022-23 నుంచి సర్కారీ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఇంగ్లీష్ పక్కనే తెలుగు కూడా ఇచ్చారు. మంచిదే. కానీ ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు మాట్లాడే మన బచ్చాల దగ్గర రెండు జబాన్ల వ్యాకరణం ముందే ఉంది. దాన్నెవరూ వాడుకోవడం లేదు.

నౌన్ లాటిన్ నుంచి వచ్చింది, పేరు అని అర్థం. తెలుగులో నామవాచకం, ఉర్దూలో ఇస్మ్. బిస్మిల్లాలో ఉన్న ఇస్మ్ అదే. మూడూ పేరే! ప్రిపొజిషన్ అంటే ముందు నిలబడేది. 'ఆన్ ది టేబుల్'లో 'ఆన్' ముందుంటది. మన 'బల్ల మీద', 'మేజ్ పర్'లో అదే పని చేసే మాట వెనక ఉంటది. ఫరక్ అంతే.

ఇక పాసివ్ వాయిస్. బాయిలో ప్రమాదం జరిగిందనుకోండి. కాగితం మీద 'సేఫ్టీ రూల్స్ వర్ నాట్ ఫాలోడ్' అని రాస్తే గ్రామర్ ప్రకారం తప్పేం లేదు. కానీ పాటించనిది ఎవరు? కార్మికుడా, అఫీసరా? ఆ మనిషి వాక్యంలో గాయబ్. అరబీ నుంచి ఉర్దూ కవాయిద్‌లోకి వచ్చిన పేర్లు చూడండి: చేసినవాడు తెలిస్తే మారూఫ్, తెలియకపోతే మజ్హూల్. మజ్హూల్ అంటేనే తెలియనిది. పాసివ్ అన్న మాట చెప్పని సంగతి ఈ ఒక్క లఫ్జ్ చెప్తది.

మాట్లాడడం వస్తే చాలు, ఈ పేర్లెందుకు అంటారు కొందరు. మాట్లాడడానికి అక్కర్లేదు, నిజమే. దస్తఖత్ పెట్టే ముందు కాగితం చదవడానికి కావాలి.

జబాన్లు కలిపితే ఇంగ్లీష్ ఖరాబైతదనే వాళ్లూ ఉన్నారు. ఇంగ్లీష్‌లో రాసిన కోల్ మైన్స్ రెగ్యులేషన్స్‌లోనే 'సర్దార్' ఉన్నాడు. అది ఫార్సీ మాట. దాంతో కానూన్‌కేం నుక్సాన్ కాలేదు.

ఉస్తాదులకు నా గుజారిష్ ఒక్కటే. బోర్డు మీద మూడు జబాన్ల పేర్లు పక్కపక్కన రాయండి. మజ్హూల్ వాక్యం కనబడినప్పుడల్లా 'చేసిందెవరు?' అని అడగడం బచ్చాలకు నేర్పండి.